ఫర్నిచర్ ధర చీటీ వెనుక లెక్క: నా అనుభవం

సోఫా, భోజనాల బల్ల, కుర్చీలు, బట్టల అల్మరా ఒకేసారి కొనవలసి వచ్చినప్పుడు, బేరానికి దిగేముందు అసలు ఈ వస్తువులకు ధర ఎలా కడతారో తెలుసుకోవాలనుకున్నాను. చూపుకు ఒకేలా ఉన్న రెండు బల్లలకు ఒకచోట ఒక ధర, మరొకచోట దానికి దాదాపు రెట్టింపు ధర రాసి ఉండటం అంతకుముందే నా కంటబడింది. ఆ తేడా కర్రలో ఉందా, దుకాణంలో ఉందా అన్నది తేలితే తప్ప బేరమాడటానికి ఆధారం ఉండదు.

టోకున 100కు తెచ్చిన వస్తువును 200కు అమ్మడం ఈ వ్యాపారంలో పాత అలవాటు. దాన్ని కొన్న ధర మీద చూస్తే మార్కప్ నూరు శాతం, అమ్మిన ధర మీద చూస్తే మార్జిన్ యాభై శాతం. రెండూ ఒకే లెక్క, అయినా తక్కువగా వినిపించేది రెండోదే. అయితే ఇదంతా దోపిడీ అని నేను అనను. పప్పూ ఉప్పూ అమ్మే కొట్లో సరుకు ఎప్పటికప్పుడు మారుతుంది గాని, షోరూములో ఒక సోఫా నెలల తరబడి చోటు ఆక్రమించుకుని కూర్చుంటుంది. ఆ చోటుకు అద్దె, దీపాలు, సిబ్బంది కమీషను, రవాణాలో గీతలు పడిన సరుకు నష్టం అన్నీ చివరికి అమ్ముడుపోయిన వస్తువు మీదే పడతాయి. లారీలో సగం మోసేది గాలినే కనుక రవాణా ఖర్చు కూడా ఎక్కువే. ఐకియా సంస్థ 1956లో బల్లల కాళ్లు విడదీసి చదునైన పెట్టెల్లో అమ్మడం మొదలుపెట్టడానికి ఒక కారణం ఈ గాలి ఖర్చును తప్పించుకోవడం. ఈ ఖర్చుల్లో నాకు అవసరం లేనివి ఏవో తెలుసుకుంటే, వాటికి డబ్బు చెల్లించకుండా ఉండవచ్చునన్నది నేను పెట్టుకున్న సూత్రం.

తర్వాత డిస్కౌంట్ల సంగతి. 100కు కొన్న వస్తువు మీద 300 అని చీటీ అంటించి నలభై శాతం తగ్గిస్తే 180 అవుతుంది. కొన్నవారికి 120 మిగిలినట్టు అనిపిస్తుంది, అమ్మినవారికి అప్పటికీ ఎనభై శాతం మార్కప్ ఉంటుంది. అందువల్ల తగ్గింపు శాతాన్ని పూర్తిగా పక్కన పెట్టి, చివరికి చెల్లించవలసిన మొత్తాన్నే తేదీతో సహా రాసుకుంటూ వచ్చాను. కొన్ని వారాలకు తేలిందేమిటంటే, 'ఈ ఆదివారంతో ముగింపు' అన్న తగ్గింపు మరుసటి వారం వేరే పేరుతో మళ్లీ వచ్చేది. తొందరపడవలసిన అవసరం లేదని తెలిశాక బేరం మాట్లాడటం చాలా తేలికైంది.

ధరలు పోల్చడంలో ఇంకొక చిక్కు ఉంది. ఒకే కర్మాగారం నుంచి వచ్చిన సోఫాకు ఒక్కో దుకాణం ఒక్కో పేరు పెడుతుంది, గుడ్డ రంగు మారుస్తుంది. పేరుతో వెతికితే జోడీ దొరకదు. కాబట్టి పేర్లు వదిలేసి లోపలి సరుకు గురించి అడగడం మొదలుపెట్టాను. సోఫా అయితే చట్రం ఏ కర్రతో చేశారు, మూలలు కుసులతో (ఒక కర్ర కొనను చెక్కి మరో కర్ర రంధ్రంలో దూర్చి) బిగించారా లేక పిన్నులు కొట్టి వదిలేశారా, సీటులోని ఫోము డెన్సిటీ ఎంత అని అడిగాను. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్న అంకె. మెత్తదనానికి, దానికి నేరుగా సంబంధం లేదు. తక్కువ డెన్సిటీ ఫోము షోరూములో కూర్చున్నప్పుడు హాయిగానే ఉంటుంది, త్వరలోనే గుంట పడుతుంది. రోజూ కూర్చునే సీటుకు 32కు తగ్గకూడదని, దొరికితే 40 మేలని నిర్ణయించుకున్నాను. బల్ల అయితే 'అంతా చెక్కేనండి' అన్న మాటతో ఆగకుండా అడుగు వైపు వంగి చూశాను. పైన కనిపించిన కర్ర గీతలు పలక అంచు దగ్గర ముగిసిపోయి, అడుగున వేరే గీతలు కనిపిస్తే, అది పార్టికల్ బోర్డు (కర్ర తునకలను జిగురుతో అదిమి చేసిన పలక) మీదో ఎం.డి.ఎఫ్. (కర్ర పీచును అలాగే అదిమి చేసిన పలక) మీదో అతికించిన వెనీరు, అంటే పలుచని కర్ర పొర. దాని మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకు లోపే ఉంటుంది. వెనీరు చెడ్డదేమీ కాదు, చేవకర్ర ధరకు అమ్మినప్పుడే అభ్యంతరం. రబ్బరు కర్ర సంగతీ అంతే: పాలు తగ్గిన చెట్లను పాతికేళ్లు దాటాక కొట్టి తెచ్చే ఆ కర్ర మంచి గట్టిదే, కాకపోతే ఘనమైన పేరు తగిలించగానే దాని ధర పెరుగుతుంది. ఏ సమాధానమైనా బిల్లు మీద రాసిమ్మని కోరాను. రాయడానికి వెనకాడిన చోట కొనలేదు.

బల్లను చివరికి వడ్రంగి చేత చేయించాను, ఎందుకంటే దానికి షోరూము చేసి పెట్టేదేమీ లేదు: నాలుగు కాళ్లు, ఒక పలక. కర్ర సరిగా ఆరిందా లేదా అన్నదే అక్కడ అసలు ప్రశ్న. ఇంట్లో వాడే సామానుకు తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండటం మంచిది కనుక, తేమ కొలిచే చిన్న మీటరుతో చూపించమని అడిగాను. కొలతలు, కర్ర రకం, పాలిష్, అప్పగించే తేదీ కాగితం మీద పెట్టుకుని, డబ్బులో కొంత భాగమే ముందు ఇచ్చాను. అల్మరా విషయంలో మాత్రం లెక్క తారుమారైంది. పలకలు కోయడం, అంచులకు పట్టీ వేయడం యంత్రాలతో వేల సంఖ్యలో చేసే చోట అయ్యే ఖర్చుకు చేతిపని సాటి రాలేదు. పెట్టెలో వచ్చేదాన్నే కొని ఇంట్లో బిగించుకున్నాం. చేయించుకుంటే ఎప్పుడూ చవక అన్న మాట అంత నమ్మదగింది కాదు.

సోఫాకు షోరూము తప్పలేదు, కూర్చుని చూడాలి గదా. ప్రదర్శనకు పెట్టిన మోడల్‌నే ఇమ్మని, కొత్త సరుకు వచ్చే ముందు అడిగాను. చోటు ఖాళీ చేసుకోవలసిన అవసరం అప్పుడు వారిదే. వడ్డీ లేని వాయిదాలు అన్నప్పుడు, ఒకేసారి చెల్లిస్తే ఎంత అని అడిగాను. ధర తగ్గింది, అంటే వడ్డీ ఎక్కడ దాగి ఉందో అర్థమైంది. ఇక తగ్గించలేమన్నాక రవాణా, మేడ మీదికి ఎక్కించడం, బిగింపు అదే ధరలో చేయమన్నాను. అంకె మార్చడం కంటే ఈ పనులకు ఒప్పుకోవడం వారికి సులభం.

కుర్చీలను మాత్రం వాడినవి కొన్నాను. మొదటిసారి అమ్ముడుపోగానే మార్కప్ అంతా ఆవిరైపోతుంది కాబట్టి, రెండో చేతిలో కర్రకు, పనితనానికి మాత్రమే ధర ఉంటుంది. పరుపు, గుడ్డ ఉన్న సామాను మాత్రం నల్లుల భయం వల్ల ఇలా తీసుకోలేదు. రెండు కుర్చీలకు కుసులు వదులయ్యాయి. బల్ల చేసిన వడ్రంగే వాటిని విప్పి, పాత జిగురు గీకి, మళ్లీ బిగించి ఇచ్చాడు.