రాజాం ఏ జిల్లా?

బుధవారం రాత్రి, శ్రీకాకుళం.

పగలంతా ఉక్క, సాయంత్రానికి కాస్త గాలి. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర నెట్ షాపులో ఓ పెద్దమ్మ దరఖాస్తు పట్టుకుని అడుగుతోంది: "ఏటి బాబూ, రాజాం మన జిల్లాయే గదా, ఫోన్లో అలాగే చూపిస్తంది?"

2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరం జిల్లాలో ఉంది. అంతకుముందు రాసిన పేజీల్లో మాత్రం ఇంకా శ్రీకాకుళమే.

మనం వెతకమన్నప్పుడు గూగుల్ అప్పటికప్పుడు నెట్టంతా తిరిగి రాదు. క్రాలర్ అనే ప్రోగ్రాము లింకు పట్టుకుని లింకు వెళ్తూ పేజీలు ముందే చదివేస్తుంది. ఏ మాట ఏ పేజీలో ఉందో, పుస్తకం చివర పదసూచికలా రాసి పెట్టుకుంటుంది. మనకి దొరికేది ఆ సూచికలోంచే. ఇక ఏ పేజీ పైన ఉండాలన్నది చాలా లెక్కల మీద తేలుతుంది. దానికి ఇతర పేజీలు ఎన్ని, ఎలాంటివి లింకులిచ్చాయన్నది ఒకటి. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ కంపెనీ పెట్టింది ఈ ఆలోచన మీదే. ఏళ్ల తరబడి లింకులు పోగేసుకున్న పాత పేజీ, నిన్నగాక మొన్న వచ్చిన సరైన పేజీని కిందకి తోసెయ్యగలదు.

అందుకే తేదీ చూడాలి. ఫలితాల పైన టూల్స్ నొక్కి, గత ఏడాది కాలంలో వచ్చినవి మాత్రమే చూపమనొచ్చు. ఫోన్లో ఇమేజెస్, న్యూస్ అని ఉండే వరుసను పక్కకి జరిపితే చివర్న ఉంటుంది. ప్రభుత్వ పేజీలే కావాలంటే వెతికే మాట తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో సైట్, కోలన్ (ఒకదాని కింద ఒకటి రెండు చుక్కల గుర్తు), ఆ వెంటనే జీఓవీ డాట్ ఐఎన్ కొట్టాలి. కోలన్ తర్వాత ఖాళీ వదిలితే పని చెయ్యదు. చాలామంది తప్పేది అక్కడే.

తెలుగులో వెతికేటప్పుడు ఇంకో చిక్కు. "రాజాంలో", "రాజాంకి" అని కాకుండా ఊరి పేరు ఒక్కటే కొట్టడం మేలు. అరసవల్లి అని దొరక్కపోతే అరసవిల్లి అని, ఆపైన ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడాలి. పేజీ రాసినవాళ్లు ఎలా రాశారో అలా వెతకాలి గదా.

కస్టమర్ కేర్ నంబర్లు మాత్రం వెతికి పట్టుకోకూడదు. దొంగ నంబర్లు పెట్టి కాచుక్కూర్చునే వాళ్లున్నారు. పాస్‌బుక్ మీదో, కార్డు వెనకో అచ్చయిన నంబరుకే చెయ్యాలి.

షాపు కుర్రాడు జిల్లా గడిలో శ్రీకాకుళం కొట్టేసి, విజయనగరం అని రాసి పెద్దమ్మ చేతిలో పెట్టాడు.