నిండుగా తిరిగొచ్చిన సీసా

రాత్రి పన్నెండున్నర అయింది, నిద్ర రావట్లేదు. కారణం ఒక నీళ్ల సీసా.

మా చిన్నమ్మాయి నాట్యం ప్రోగ్రాం నుంచి వచ్చి గజ్జెల సంచి సోఫాలో పడేసి సగం మేకప్పుతోనే పడుకుంది. జడ విప్పింది నేనే. తర్వాత సంచి సర్దుతుంటే సీసా చేతికొచ్చింది. మధ్యాహ్నం నేను నింపి ఇచ్చింది నింపినట్టే ఉంది, మెడదాకా. లీటరు సీసా. రెండింటికి ఇంట్లోంచి బయల్దేరిన మనిషి పదకొండింటికి వచ్చింది, మధ్యలో గంటా పావు స్టేజీ మీద ఆడింది, ఈ దసరా రోజుల బెజవాడ ఉక్కలో. డబ్బాలో పెరుగన్నం కూడా రెండు ముద్దలు తప్ప అలాగే ఉంది గానీ అది కొత్త కాదు, పెరుగన్నం గురించి ఇక్కడ ఇప్పటికే చాలాసార్లు ఏడ్చాను.

ముందు కోపమే వచ్చింది. లావవుతానని కడుపు మాడ్చుకుంటోందనుకున్నా. పోయిన నెల డ్రెస్సు కుట్టే ఆయన నడుం దగ్గర కుట్టు వదులుతూ "అమ్మాయి కాస్త ఒళ్లు చేసినట్టుందండీ" అన్నాడు, నవ్వుతూనే. ఆ రోజునుంచి నాలుగిడ్లీలు రెండయ్యాయి. ఆయన్ని నేనేమీ అనలేదు, పండగలోపు ఇంకో డ్రెస్సు ఇవ్వాలి కదా, అదీ నా ధైర్యం.

ఇలాంటప్పుడల్లా కూచిపూడి పెదనాన్న గుర్తొస్తాడు. వేసవి సెలవులకి కంకిపాడు, ఉయ్యూరు దాటుకుని పామర్రులో బస్సు దిగి వెళ్లేవాళ్లం. ఆయన భామాకలాపంలో సత్యభామ వేసేవాడు. పొట్ట ఉండేది, చిన్నదేం కాదు. అయినా జడ ముందుకేసుకుని తెర పక్కన నిలబడితే చూస్తున్న ఆడవాళ్లకి కూడా పొట్ట కనపడేది కాదు. ఆట ఉన్న రోజు మూడున్నరకే భోజనం. ముద్దపప్పు, ఇంత నెయ్యి, గడ్డపెరుగు. పులుపు మాత్రం పెద్దమ్మ విస్తరి దరిదాపులకి రానిచ్చేది కాదు, ఆడటమే కాదు పాడుకోవాలి కూడా, గొంతు పోతుందని. రాత్రి మధ్యలో ఇత్తడి గ్లాసులో మిరియాల పాలు వెళ్లేవి, అవి పట్టుకెళ్లే పని నాది, ఒలికిపోకుండా తెర వెనక్కి నడవడమే నా కళాసేవ. తెల్లారి అరుగు మీద కూర్చుని మాగాయ నంజుకుంటూ చద్దన్నం తినేవాడు, చెవుల పక్కన వేషానికి పూసుకున్న అరదళం పసుపు ఇంకా అంటుకునే ఉండేది. "తిననివాడు తాళం తప్పుతాడే" అనేవాడు నాతో, నేను తినకపోతే.

నిజానికి ఇదే రాద్దామని కూర్చున్నా, అప్పటివాళ్లు తిని ఆడారు, ఇప్పటివాళ్లు మాడి ఆడుతున్నారు అని. ఇక్కడిదాకా వచ్చేసరికి చిన్నది లేచి వంటింట్లోకి వెళ్లింది. అలికిడికి వెళ్లి చూస్తే ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టుకుని గటగటా తాగుతోంది. అదే సీసా.

"ఇవే నీళ్లు అక్కడ తాగడానికేమైందే?"

"అమ్మా, ఆ బాత్రూంకి గడియ లేదు."

ఇంకేం చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. కుచ్చిళ్లు, వడ్డాణం, పిన్నులు అన్నీ విప్పి మళ్లీ కట్టుకోవాలంటే ఇరవై నిమిషాలు, పక్కన ఒకరు సాయం ఉండాలి. దానికంటే తాగకపోవడమే తేలిక. తినకపోవడమూ అంతేనట. వడ్డాణం బిగించాక తింటే ఊపిరాడదు, బిగించకముందు తిందామంటే ప్రోగ్రాం ఎన్నింటికో దేవుడికే తెలుసు.

అవును, ఎన్నింటికి! ఆరింటికన్నారు. మూడింటికల్లా మేకప్ మొదలెట్టమన్నారు. ముఖ్య అతిథి రాలేదని ఏడున్నర, వచ్చాక ఉపన్యాసాలు, మన సంస్కృతి మన సంప్రదాయం, ఎనిమిదింబావుకి పిల్లల్ని స్టేజీ ఎక్కించారు. ఆటగాడికైతే ఆటకి రెండు మూడు గంటల ముందు అన్నమో ఇడ్లీయో పడాలని అందరికీ తెలుసు, మరి ఏ టైముకి మూడు గంటల ముందని లెక్క కట్టుకోవాలి ఈ పిల్ల? ఒంట్లో నీళ్లు బరువులో రెండు శాతం తగ్గితేనే ఆట మందగిస్తుందంటారు. 52 కిలోల మనిషికి అది ఒక లీటరు. అంటే ఆ సీసా. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగంలో పళ్లెం దిగగానే ఎడమ పిక్క పట్టేసిందట, మంగళం నవ్వు మొహంతోనే లాగించింది. చివర్లో శాలువా, మెమెంటో, చల్లారిన పూరీల ప్యాకెట్. మా బీరువాలో శాలువాలు పదకొండున్నాయి. ఒక్కటీ ఉడకదు.

ఇలా వాళ్లని తిట్టుకుంటూ ఉండిపోవచ్చు, హాయిగా ఉంది. కానీ పోయినేడు పాదం ఎముకలో సన్నటి పగులు వచ్చినప్పుడు డాక్టరమ్మ అడిగింది గుర్తొచ్చి ఆగాను. కాలి గురించి వెళ్తే ఆవిడ నెలసరి గురించి అడిగింది. అది నోరు తెరవకముందే నేనే "బానే ఉందండీ" అనేశా. బాలేదు, మూడు నెలలైందట, నాకు చెప్పలేదు. నేనెప్పుడు అడిగాను గనక. తిన్నదాంట్లో ఆటకి పోగా ఒంటికి మిగిలేది చాలకపోతే ముందు నెలసరి తప్పుతుంది, తర్వాత ఎముక పలచబడుతుంది అంది. ఒలింపిక్ కమిటీ వాళ్లు 2014లో దీనికి ఒక పొడుగు పేరు కూడా పెట్టారట, మగపిల్లలకీ వస్తుందట. హిమోగ్లోబిన్ 9.8. దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువేనని 2019-21 సర్వే లెక్క, కాబట్టి అక్కడ మేమేం ప్రత్యేకం కాదు. ఐరన్ మాత్రతో టీ తాగొద్దు, నిమ్మకాయ నీళ్లు తాగమంది. వారం పాటు నేనే టీతో ఇచ్చాను, మాత్ర చేదని.

ఇంకోటి. డ్రెస్సు ఆయన కంటే ముందు "పూరీ వద్దులే, వచ్చేవారం ప్రోగ్రాం ఉంది" అన్నది ఎవరు? దానికి పదమూడేళ్లప్పుడు. ఆ మాట అన్నప్పుడు మూకుడు ముందు చెమటతో నిలబడి ఉన్నా, ప్రేమగానే అన్నా.

పెదనాన్న సంగతికొస్తే, మూడున్నరకి విస్తరి వేసే పెద్దమ్మ ఉండబట్టి తిన్నాడు. బాత్రూంకి గడియ అక్కర్లేదు, చేను గట్టుంది. పెద్దమ్మ ఎప్పుడు తినేదో నాకు గుర్తు లేదు, ఎంత ఆలోచించినా రావట్లేదు.

రేపు గుంటూరు. డబ్బాలో అన్నం వద్దంది, ఖర్జూరాలు, అరటిపండు, నువ్వుండలు పెట్టాను, వడ్డాణం బిగించాక కూడా ఒక్కోటి నోట్లో వేసుకోవచ్చట. మజ్జిగలో ఉప్పు ఎక్కువే వేశా. నేనూ వెళ్తున్నా, మా ఆయనకి పొద్దున చెప్పాలి. ముందెళ్లి గడియ ఉందో లేదో చూస్తా, లేకపోతే తలుపు దగ్గర నేనే నిలబడతా.