నీరెండ కోసం మారేడుమిల్లిలో మూడు రోజులు

చెట్ల సందుల్లోంచి చారలు చారలుగా దిగే వెలుగును ఫొటో తీయాలని నాకు చాలా ఏళ్ల కోరిక. కిందటి డిసెంబరులో మా బావమరిదీ నేనూ రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లి, వాగు ఒడ్డున గుడారంలో మూడు రాత్రులు ఉన్నాం. నా దగ్గర ఉన్నవి పాత నికాన్ కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్స్, ఒక ట్రైపాడ్.

వెళ్లిన రోజు ఆత్రం ఆపుకోలేక మధ్యాహ్నం పన్నెండుకే మొదలుపెట్టాను. వెదురు పొదల కింద నేలంతా ఎండ చుక్కలు, కంటికి ఎంత బాగున్నాయో! ఫొటోలో మాత్రం ఆ చుక్కలన్నీ సున్నం చల్లినట్టు తెల్లగా, మిగతాదంతా మసి పూసినట్టు వచ్చింది. మన కన్ను ఎండనీ నీడనీ సర్దుకుంటూ చూస్తుంది. కెమెరాకు ఒక్క ఫొటోలో అంత తేడా పట్టదు. రెండు గంటలు తిరిగి తీసినవాటిలో ఒక్కటీ ఉంచుకోలేదు.

మర్నాడు ఐదున్నరకే లేచి, టార్చ్ లైటు పట్టుకుని వాగు పక్కన ట్రైపాడ్ నిలబెట్టాను. ఆరున్నర దాటింది. సూర్యోదయం అయిపోయిందని ఫోన్ చెబుతోంది, అడవిలోకి మాత్రం ఎండ రావడం లేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. క్యాంపులో వంట చేసే బాబాయ్‌ది పక్కనే కొండరెడ్ల గూడెం. నీళ్లకు వచ్చి నన్ను చూసి, "పొద్దు ఇంకా ఆ కొండ ఎక్కలేదు బాబూ, కాసేపు కూర్చోండి" అన్నాడు. నిజమే, మేమున్నది లోయలో. ఏడుంపావుకి ఎండ వచ్చింది కానీ చారలు లేవు. గాలి తోలుతుండటంతో పొగమంచు అప్పటికే చెదిరిపోయింది. వెలుగు దారి మనకు కనబడాలంటే దాన్ని చెదరగొట్టేందుకు గాలిలో మంచు తుంపరో, పొగో, దుమ్మో ఉండాలి. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము మెరవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే, అక్కడ నిలబడేదాకా గుర్తుకు రాలేదు.

ఆ రోజు నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. తెల్లవారుజామున తీసినవి కూడా మిట్టమధ్యాహ్నం తీసినట్టున్నాయి. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఏ దృశ్యాన్నైనా మధ్యరకం వెలుగుకు తేవాలని చూస్తుంది. అడవి చీకటిగా ఉందని అది ఫొటోను వెలిగించేసింది. రంగులను తనంతట తనే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ నీరెండలోని పసుపును పొరపాటు అనుకుని చాలావరకు తీసేసింది. అంటే నేను ఏ చీకటి కోసం, ఏ రంగు కోసం వెళ్లానో సరిగ్గా అవే పోయాయి. ఆ రాత్రి గుడారంలో కూర్చుని అన్నీ మార్చుకున్నాను. ఫొటో కాస్త చీకటిగా వచ్చేలా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1.3, పసుపు పోకుండా వైట్ బ్యాలెన్స్ డేలైట్, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండేలా ఫార్మాట్ రా. ఎండ పడిన ఆకులో వివరం తెల్లగా కాలిపోతే తర్వాత తిరిగి రాదు. నీడను మాత్రం కావాలంటే తర్వాత కొంత వెలుగులోకి తేవచ్చు. నాకైతే తేవాలని కూడా లేదు, అడవి లోపలంతా కనబడితే అది పార్కులా ఉంటుంది.

మూడో పొద్దున ఆకు కదల్లేదు. రాత్రి చల్లబడిన గాలి లోయ అడుగునే ఉండిపోయి, వాగు మీద మంచు ఒక పొరలా పరుచుకుంది. బాబాయ్ అప్పటికే పొయ్యి వెలిగించాడు. ఈసారి సూర్యుడికి ఎదురుగా నిలబడ్డాను, లావుపాటి మద్ది మాను వెనక సూర్యుడు దాక్కునేలా రెండడుగులు పక్కకు జరిగి. నేరుగా ఎండ లెన్స్ మీద పడితే ఫొటో అంతా వెలిసిపోతుంది మరి. వెలుగుకు కెమెరా సున్నితత్వం ఐఎస్ఓ 200, లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టరు తెరిచి ఉండేది సెకనులో పదిహేనో వంతు. ఏడూ ఇరవైకి కొమ్మల మధ్య నుంచి మొదటి చార దిగింది. దాని పక్కన ఇంకొకటి, చూస్తుండగానే పది, పన్నెండు. నా చేతులు వణికాయి, చలికి కాదు. అందుకే బటన్ నొక్కి చెయ్యి తీసేశాక ఫొటో పడేలా రెండు సెకన్ల టైమర్ మీద తీశాను. పదిహేను నిమిషాల్లో మంచు లేచిపోయింది, చారలూ పోయాయి.

టీ తాగుతూ బాబాయ్‌కి కెమెరా చూపించాను. తెర దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. చారల అడుగున నీలంగా పాకుతున్న పొర మీద వేలు పెట్టి, "ఇది మంచు కాదు బాబూ, మా పొయ్యి పొగ" అన్నాడు.

రాజమండ్రి రాగానే రెండు ప్రింట్లు తీయించాను, ఒకటి బాబాయ్‌కి.