కిరాణా కాటా మీద బ్యాటరీ

పోయినేడు మా బావమరిది వైరు లేని డ్రిల్లు, గ్రైండరు కలిపి ఒక సెట్టు కొన్నాడు. పెట్టె మీద 48 వోల్టులని పెద్దక్షరాలు. "మీ మిషను 18 వోల్టులే కదా బావా, నాది రెండింతల పైనే!" అని సంబరంగా తెచ్చి చూపించాడు. పదకొండేళ్లుగా హైదరాబాద్ ఫ్లాట్లలో తలుపులు, కప్‌బోర్డులు బిగిస్తున్నవాణ్ణి, నాకు అనుమానం వచ్చింది. కానీ వాడి ముఖం చూసి నోరు రాలేదు. ఆ రోజే చెప్పాల్సింది.

నాలుగు నెలలు తిరక్కుండానే గ్రైండరు మొరాయించింది. ఇనుప గ్రిల్లు కోస్తుంటే అర నిమిషానికి ఆగిపోతోంది, బ్యాటరీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. చల్లారాక నిండా ఛార్జ్ చేసి మల్టీమీటర్ పెడితే 20.7 వోల్టులు. అడుగున నాలుగు స్క్రూలు విప్పి చూశాం (అలవాటు లేనివాళ్లు ఈ పని చేయొద్దు, స్క్రూడ్రైవర్ రెండు చివర్లకూ తగిలితే నిప్పులు రాలతాయి). లోపల ఐదంటే ఐదు సెల్స్. పేరు లేని ఆకుపచ్చ తొడుగులు, వాటిని కలుపుతూ పల్చటి రేకు. ఒక సెల్ కొన దగ్గర తొడుగు ముడుచుకుపోయి నల్లబడింది.

లెక్క చిన్నదే. ఈ మిషన్లలో వాడే లిథియం సెల్ ఒక్కోటి 3.6 వోల్టులు. ఐదు వరుసగా కలిపితే 18. నిండా ఛార్జ్ అయినప్పుడు ఒక్కోటి 4.2, అంటే మొత్తం 21. అందుకే 18 అని రాసినా, 20 మ్యాక్స్ అని రాసినా, 21 అని రాసినా లోపల ఉండేది అవే ఐదు. 48 రావాలంటే సుమారు పదమూడు సెల్స్ వరుసగా ఉండాలి, వాడి ప్యాక్ డొప్పలో అన్ని పట్టవు.

అసలు తేడా తెచ్చేది వరుసలు. 2 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) ప్యాక్‌లో ఐదు సెల్స్ ఒకే వరుస. 4, 5 ఏహెచ్ వాటిలో మామూలుగా రెండు వరుసలు, పది సెల్స్. గ్రైండరు 540 వాట్లు లాగిందనుకోండి, 18 వోల్టుల మీద అది 30 ఆంపియర్లు. ఒక వరుసే ఉంటే ఆ 30 మొత్తం ప్రతి సెల్ మీదా పడుతుంది. రెండు వరుసలుంటే పదిహేను పదిహేను పంచుకుంటాయి, వేడెక్కడం తగ్గుతుంది, మిషను గొంతు దిగిపోదు. కాబట్టి పెద్ద బ్యాటరీ ఎక్కువసేపు రావడమే కాదు, అదే మిషను చేత బలంగా పని చేయిస్తుంది.

విప్పకుండా తెలుసుకోవాలంటే బరువు చూడండి. మా వీధి కిరాణా కొట్టు కాటా మీద నా 5 ఏహెచ్ ప్యాక్ 630 గ్రాములు తూగింది. 4 ఏహెచ్ అని రాసి ఉన్న వాడిది 370. ఈ సెల్స్ ఒక్కోటి సుమారు 45 గ్రాములుంటాయి, అంటే పది సెల్స్‌కే 450 కావాలి; మిగతాది డొప్ప, లోపలి బోర్డు. స్టిక్కరు మీద ఏమైనా రాసుకోవచ్చు, బరువును దాచలేరు.

అలాగని అన్నింటికీ పెద్దదే వద్దు. లాఫ్ట్ తలుపులకు బందులు బిగించేటప్పుడు చెయ్యి పైకెత్తే ఉంటుంది, అక్కడ 2 ఏహెచ్ చాలు. సాయంత్రానికి భుజం చెబుతుంది ఆ తేడా.

ఇంకొకటి: బ్యాటరీ కొనడమంటే ఆ కంపెనీ మిషన్లన్నిటికీ దారి వేసుకోవడమే. ఒక కంపెనీ ప్యాక్ ఇంకో కంపెనీ మిషనుకు మామూలుగా ఎక్కదు. బాష్ కంపెనీలోనే ఆకుపచ్చ మిషన్ల ప్యాక్‌లు వేరు, నీలం మిషన్లవి వేరు. ముందు ముందు ఏ మిషన్లు కావాలో అనుకుని దిగండి.

మా నాన్న చేతి బరమాతో మొదలుపెట్టి చివర్లో పాత నికెల్ బ్యాటరీ డ్రిల్లు వాడారు. పూర్తిగా అయిపోయాకే ఛార్జ్ పెట్టాలనేవారు. ఆ బ్యాటరీలకు అది సరే. లిథియంకు మాత్రం పూర్తిగా పిండేయడం చేటు. వేగం తగ్గిందంటే తీసేయాలి, చల్లారాకే ఛార్జర్ మీద పెట్టాలి. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో వదిలేస్తే అంతే సంగతులు.

మొన్న రాణిగంజ్‌లో కొట్టువాడు మిషను గురించి చెప్పబోతుంటే, మా వాడు ముందు బ్యాటరీ ఇమ్మని అడిగి అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. 5 ఏహెచ్‌ది ఒకటి, 2వి రెండు తీసుకున్నాం. ఇంటికొచ్చాక మూడింటి అడుగునా కొన్న నెల మార్కర్‌తో రాశాడు.