పప్పుకు ఏ నీళ్లు?

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూడటానికి ఎండెక్కకముందే మన నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బయల్దేరాం. నేను, డ్రైవరన్న, వెనక సీటు నిండా ప్లాస్టిక్ సీసాలు. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసాలు వాడం, ఫ్లోరైడ్ గాజును కూడా వదలదు. బోరును కాసేపు పారనిచ్చి, ఆ నీళ్లతోనే సీసా కడిగి, అప్పుడు పట్టాలి. ఊరు, తేదీ, బోరు లోతు సీసా మీద రాసుకోవాలి. ఈ పని నాకెప్పుడూ విసుగనిపించలేదు.

రెండో ఊళ్లో ఒక అవ్వ ఇంటి ముందు ఆగాం. వాకిట్లో నల్లా ఉంది, మిషన్ భగీరథ పథకం కింద శుద్ధి చేసిన నీళ్లు వస్తున్నాయి. తాగడానికి అవే వాడుతున్నామని చెప్పింది. నేను ఫారం నింపుతుంటే లోపల కుక్కర్ కూత వినపడింది. ఊరికే అడిగాను, పప్పుకు కూడా ఇవే నీళ్లా అని.

"లేదు బిడ్డా, పప్పుకు బోరు నీళ్లే పోస్త. జెల్దిన ఉడుకుతది. నల్లా నీళ్లతోని పలుకులు పలుకులుగ ఉంటది."

అక్కడే ఆగిపోయాను. అవ్వ చెప్పింది పూర్తిగా నిజం. గ్రానైట్ రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో బైకార్బనేట్ పెరుగుతుంది, కాల్షియం తగ్గుతుంది. కాల్షియం తక్కువైన నీళ్లలో పప్పు మెత్తగా ఉడుకుతుంది. కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని గడ్డకట్టి అడుగున మిగిలిపోయేది. అది లేకపోవడం వల్లే ఫ్లోరైడ్ నీటిలో కరిగి పైకి వస్తోంది. పప్పును మెత్తబరిచే గుణమూ, ఎముకను పాడుచేసే గుణమూ ఒకే చోట నుంచి వస్తున్నాయన్నమాట. రంగు, వాసన, రుచి ఏదీ హెచ్చరించదు. పైగా కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకిపోతే మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

మా ఫారంలో "తాగునీరు ఎక్కడి నుంచి" అనే ప్రశ్న ఉంది. వంట గురించి లేదు.

మధ్యాహ్నం ల్యాబ్‌కి తిరిగొచ్చి సీసాలు దింపి, ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ సిద్ధం చేశాను. ముందు లీటరుకు 1, 10 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న స్టాండర్డ్ ద్రావణాలు పెట్టి చూస్తాం. గాఢత పది రెట్లు మారితే మీటర్ దాదాపు 59 మిల్లీవోల్టులు మారాలి, అలా మారితేనే దాన్ని నమ్ముతాం. ప్రతి శాంపిల్‌లో సమానంగా బఫర్ అనే ద్రావణం కలపాలి. లేకపోతే నీటిలో ఉన్న అల్యూమినియం ఫ్లోరైడ్‌ను దాచేస్తుంది, మీటర్‌కు కనిపించదు. అవ్వ వాడే బోరు లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటింది. నల్లా నీళ్లు 1 లోపే ఉన్నాయి. మన దేశపు ప్రమాణం 1, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. తాగే నీళ్లు బాగున్నా పప్పు, చారు, అన్నం వార్చే నీళ్లు ఆ బోరువే అయితే రోజూ ఎంత ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతోందో లెక్కకట్టాలి.

ఆ లెక్క రాస్తుంటే పాత సంగతులు గుర్తొచ్చాయి. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా ఊళ్లలో ఎముకల ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు పాడయ్యే జబ్బును, డాక్టర్లు వర్ణించారు. అంటే మనకు తెలిసి ఎంతో కాలమైంది. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నల్గొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని పరిశీలించి ప్రపంచానికి చెప్పారు. ఆ దశాబ్దంలోనే నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి మన జిల్లా పేరుతోనే ఒక పద్ధతి తయారుచేసింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేరుకోనిచ్చి వడగట్టడం. చవక, అందరికీ అర్థమయ్యేది. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది. కానీ పటిక ఎంత వేయాలో ఫ్లోరైడ్‌ను బట్టి, క్షారతను బట్టి మారుతుంది. పొలానికి పోయే మనిషి పొద్దున్నే లేచి ఆ కొలత ఎలా చూసుకుంటుంది? నీళ్లు తేరే దాకా పిల్లలు ఆగుతారా? అడుగున మిగిలే మడ్డి ఎక్కడ పోయాలి? వంటింట్లో ఇమడని శాస్త్రం ఎంత గొప్పదైనా సగమే పూర్తయినట్టు అని నా అభిప్రాయం. నది నీళ్లను శుద్ధి చేసి ఇంటింటికి తేవడం అందుకే పెద్ద మార్పు.

పోషకాహార సంస్థలోనే జరిగిన చింతపండు పరిశోధన అంటే నాకు ఇష్టం. స్కూలు పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. మన పచ్చిపులుసును ఆ కళ్లతో చూసిన వాళ్లంటే ఎంత ప్రేమ కలుగుతుందో! అయితే వంగిన ఎముకను చింతపండు నిటారు చేయదు. ముందు నీళ్లు మార్చాలి, ఇది ఆ తర్వాతి మాట. కొందరు ఇది మందనుకుంటారు, అది నాకు భయం.

2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు లేవని కేంద్రం లెక్కలు చెప్పాయి. నల్లా చేరిందా అన్న లెక్కగా అది సంతోషించాల్సిన విషయమే, నేనూ సంతోషించాను. కానీ ఎముకలో చేరింది నల్లా వచ్చిన రోజే దిగిపోదు. వంటకు ఇంకా బోరు దగ్గరికి వెళ్తున్న ఇళ్లు ఎన్నో మాకు తెలియాలి. పిల్లల మూత్రం పరీక్ష ఆపకూడదని మా మేడం పట్టుబట్టడం వెనక కారణం ఇదే.

రాత్రి మేడంకి ఫోన్ చేసి చెప్పాను. ఫారంలో "పప్పుకు, అన్నానికి ఏ నీళ్లు" అని వేరే గడి పెట్టడానికి ఒప్పుకున్నారు. ఇంకో మాట కూడా అన్నారు: "వద్దని మాత్రం చెప్పి రాకండి అమ్మా, కందిపప్పు గంటసేపు నల్లా నీళ్లలో నానబెడితే ఎంతసేపట్లో ఉడుకుతుందో మీరే వండి చూపించండి."

సోమవారం కుక్కర్, అరకిలో కందిపప్పు తీసుకెళ్లాలి. అవ్వకు ముందే ఫోన్ చేసి చెప్పాలి, పొయ్యి మీద ఆమె చెయ్యే ఉంటే పక్కింటివాళ్లు కూడా నమ్ముతారు.