‘కలవకురిత’ అని చదివే పిల్లలకు

గుణింతాలన్నీ గడగడా అప్పజెప్పే రెండో తరగతి పిల్ల, బస్సు బోర్డు మీద ‘కల్వకుర్తి’ చూసి ‘కలవకురిత’ అంటుంది. అక్షరాలు రాక కాదు.

‘ర్తి’ని దగ్గరగా చూడండి. ర నెత్తిన గుడి, కింద తావత్తు. కంటికి ముందు ‘రి’ కనబడుతుంది, తర్వాత ‘త’. నోరు మాత్రం ర్, త్, ఇ అనే వరుసలో పలకాలి. పైనున్న గుడి అన్నిటికన్నా చివర పలుకుతుందన్నమాట. ఆ సంగతి చెప్పకుండా ‘సరిగ్గా చూడు’ అని గద్దిస్తే ఏం లాభం? పాపం, ఆ పిల్ల సరిగ్గానే చూసింది.

పలక మీద ‘ర్త’ రాసి పలికించండి. తలకట్టు తుడిచి, అక్కడే గుడి పెట్టండి: ‘ర్తి’. గుడి తుడిచి, తలకట్టు మళ్లీ పెట్టి, దానికి కొమ్ము తగిలించండి: ‘ర్తు’. వత్తు కదలదు, చివరి అచ్చు ఒక్కటే మారుతుంది. రోజుకు రెండు వత్తులు, పది నిమిషాలు చాలు. ముందు అమ్మ, అక్క, పిల్ల లాంటివి చేయించండి, అవి నోటికి అలవాటైనవే. ‘ల్వ’, ‘ర్త’ లాంటివి ఆ తర్వాత. ‘జడ్చర్ల’లో చావత్తు చ లాగే ఉంటుంది, లావత్తుకు ల పోలికే లేదు. త, న, మ, య, ర, ల వత్తులన్నీ అంతే. వాటిని విడిగా నేర్పాల్సిందే.

పొడుగు మాటను ‘క, లకు వావత్తు, కకు కొమ్ము’ అని చదివించొద్దు. చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతారు. చీటీతో మాటను మూసి, ఒక్కో అక్షరం జరుపుతూ కలుపుకుంటూ పోవాలి: క, కల్వ, కల్వకు, కల్వకుర్తి.

మన పాలమూరు, నల్లగొండ పిల్లలు పుస్తకంలో ‘వచ్చాడు’ ఉంటే ‘వచ్చిండు’ అని చదువుతారు. దయచేసి దాన్ని తప్పు కింద లెక్కేయకండి. అర్థం పట్టుకుని ఇంటి మాటలో చెప్పారు, అది తెలివే. ‘మంచిగ చెప్పినవ్ బిడ్డా, ఇక్కడ చ మీద గుడి ఉందా, దీర్ఘం ఉందా?’ అని అడగండి, వాళ్లే దిద్దుకుంటారు. బొమ్మ చూసి ఊహించి చెప్పేది వేరు. అప్పుడు బొమ్మను చేత్తో మూసి మళ్లీ చదివించాలి.

నిజంగా చదువుతున్నారా, బట్టీ పట్టారా అని తేల్చుకోవాలంటే అర్థం లేని మాట ఒకటి రాసివ్వండి: ‘గుర్పి’. ‘గురిప’ అన్నారా, మళ్లీ పలక తీయండి.