అక్టోబరు దాటాక జెర్సీ ఒడ్డున

న్యూ జెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మన వాళ్లకు జెర్సీ షోర్, అంటే ఇక్కడి సముద్ర తీరం, వేసవి సెలవులకే. సెప్టెంబరు మొదట్లో లేబర్ డే వెళ్లగానే బీచ్ సామానంతా గరాజ్‌లోకి చేరిపోతుంది. పిల్లలకు సముద్రాన్ని చూపించాల్సింది అసలు ఆ తర్వాతే అంటాను నేను. అక్టోబరు చివర్లో మొదలై థాంక్స్‌గివింగ్ దాటేదాకా ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్ పొడవునా గాలాలతో నిలబడ్డ జనాన్ని చూస్తే, కాకినాడ దగ్గర ఉప్పాడ ఒడ్డున పెరిగిన నాకు ప్రాణం లేచొస్తుంది.

ఆ జనమంతా ఎదురుచూసేది స్ట్రైప్డ్ బాస్ అనే చేప కోసం. ఇక్కడందరూ స్ట్రైపర్ అంటారు. వేసవంతా న్యూ ఇంగ్లండ్ వైపు తిరిగి, నీళ్లు చల్లబడే కొద్దీ తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. బంకర్ అనే నూనె చేపల మందలు ఎటు పోతే అటే దాని ప్రయాణం. నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 50కి దిగే ఆ కొద్ది వారాలే అసలైన అదను. ఆకాశం నుంచి గానెట్ పక్షులు రెక్కలు ముడిచి నిటారుగా నీళ్లలోకి దూకుతుంటే కింద బంకర్ ఉన్నట్టే. ఒక్కోసారి హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా ఒడ్డు నుంచి కనిపించేంత దగ్గరలో నోరు తెరుచుకుని పైకి లేస్తాయి. ఈశాన్యం గాలి కాస్త వీస్తే ఆ నురగలో స్ట్రైపర్లు ఒడ్డు దాకా వస్తాయి. అదే గాలి ముదిరితే నాచు కొట్టుకొచ్చి గాలం నిలవదు, ఆ రోజు ఇంట్లో ఉండటమే మేలు. వాయవ్యం నుంచి వీస్తే అలలు అణిగి పడవ మీద వెళ్లే వాళ్లకు హాయి.

ఏడో తరగతి చదివే మా పాప ఇప్పుడు పక్షులను చూసి చేప ఎక్కడుందో చెప్పగలదు. మా ఊళ్లో ఈ వయసు పిల్లలకు ఇది మామూలు విద్య. ఇక్కడ పెరిగిన నా కూతురికి అబ్బిందంటే ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. నేను ఆడుకున్న ఇసుకలో చాలా భాగాన్ని ఉప్పాడ సముద్రం ఎప్పుడో కోసేసింది. ఇదిగో అమ్మ ఆడుకున్న చోటు అని చూపించడానికి అక్కడిప్పుడు ఏమీ లేదు. ఆ బతుకులో కొంతైనా దానికి తెలియాలంటే నాకున్నది ఈ ఒడ్డే.

కిందటి నవంబరులో వాళ్ల నాన్న సాయంతో పాప లాగిన స్ట్రైపర్ 40 అంగుళాలు దాటింది. వెంటనే వదిలేశాం. ఉంచుకునే చేప 28 అంగుళాలకు తగ్గకూడదు, 31 లోపే ఉండాలి. మనిషికి రోజుకు ఒకటే (అదనంగా ఇంకొకటి ఉంచుకోనిచ్చే బోనస్ పర్మిట్ సంగతి వేరు). ఈ 31 అన్నది 2023లో వచ్చిన కట్టడి, అంతకుముందు 38 దాకా ఒప్పుకునేవారు. ఎర వేసి పట్టేటప్పుడు కొన లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ తప్పనిసరి. అది పేగుల దాకా పోకుండా మూతి మూలనే దిగుతుంది కాబట్టి వదిలిన చేప బతుకుతుంది. "చేపకు నొప్పి వేయదా అమ్మా?" అని మా చిన్నవాడు అడిగాడు. వేస్తుందనే అనుకుని పట్టుకోవాలి నాన్నా, అందుకే చేతులు తడుపుకుని తొందరగా వదలాలి అని చెప్పాను.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా అమ్మ కంగారుపడింది.

"అంత చేపని వదిలేశారా తల్లీ? ఇంటిల్లిపాదీ రెండు రోజులు తినేవారు కదే!"

"అంత పెద్దవి ఎక్కువగా ఆడవే అమ్మమ్మా. వసంతంలో హడ్సన్ నదిలోకో, చీసపీక్ అఖాతం వైపో వెళ్లి గుడ్లు పెడతాయి."

"అంటే మన గోదావరికి ఎదురెక్కే పులస లాగానా? అలా చెప్పు మరి. మనకీ ఉందమ్మా వేట నిషేధం. ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు మరబోట్లు కదలవు."

పాప కాసేపు ఆలోచించి, "మరి ఆ రెండు నెలలు వాళ్లు ఏం తింటారు?" అంది.

నా మనసులో నిలిచిపోయింది ఆ ప్రశ్నే. ఇక్కడ చేపను వదిలేసి ఇంటికెళ్తే మనకు పోయేదేమీ లేదు, ఫ్రిజ్‌లో కూర ఉంటుంది. అక్కడ 61 రోజులు పడవ కదలకపోతే ఇంట్లో డబ్బు ఆడదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో నిషేధ కాలపు సాయాన్ని 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది, అది ఒక ఇంటికి ఎన్నాళ్లు వస్తుందో పాపా నేనూ కాగితం మీద లెక్క వేశాం. చేపల సంతతిని కాపాడాలని స్కూల్లో నేర్పుతారు, మంచిదే. దాని ఖరీదు ఎవరు కడుతున్నారో నేర్పాల్సిన బాధ్యత మాత్రం నాది.

వంట విషయంలో ఒక మాట. స్ట్రైపర్, పెద్ద బ్లూఫిష్ పిల్లలకు పెట్టడం మీద రాష్ట్రం హెచ్చరికలున్నాయి. పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలు, పాదరసం వాటిలో పేరుకుంటాయి. అందుకే తోలు, పొట్ట కొవ్వు తీసేసి ఎప్పుడో ఒకసారి వేపుడు చేస్తాను, తలకాయ పులుసు జోలికి పోను. చింతపండు పులుసుకు చిన్న బ్లూఫిష్ భేషుగ్గా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు బెల్మార్‌లోనో పాయింట్ ప్లెజెంట్‌లోనో పార్టీ బోటు (టికెట్టు కొని నలుగురితో కలిసి వేటకు వెళ్లే పడవ) ఎక్కితే సులువు, గాలం అద్దెకిస్తారు. ఒడ్డు నుంచి పట్టాలంటే 16 ఏళ్లు నిండినవాళ్లు రాష్ట్రం దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు.

డిసెంబరు సెలవులకు ఊరెళ్తున్నాం. ఉప్పాడలో పడవల వాళ్లను అడగాలని పాప ప్రశ్నలు రాసి పెట్టుకుంది. వల కన్ను ఎంత ఉంటుంది, పిల్ల చేపలు పడితే ఏం చేస్తారు, నిషేధం రోజుల్లో పిల్లల ఫీజులు ఎలా కడతారు. అన్నీ తనే తెలుగులో అడగాలని మా మధ్య ఒప్పందం.